వంతెన సుంకము

మా తిరుచానూరు ప్రక్కనే స్వర్ణముఖి యున్నది. సంవత్సరములో పెక్కు నెలలు అందు ఇసుకయే గాని నీరు కానరాదు. ఏరు దాటుటకు వెల యుండునని మేమెవ్వరమును తలపము. 2021 నవంబరులో వరద గట్టును కోసి ఇంటిని నీట గలిపినప్పుడు నది బలము మాకు మరల తెలిసివచ్చినది.

వెల చెల్లించి దారి పట్టుట మాత్రము మాకు క్రొత్త కాదు. తిరుమలకు 1944లో మొదటి ఘాటురోడ్డును, 1974లో రెండవదియు ఏర్పడినవి. కొండకు పోవు వాహనములవారు అలిపిరి వద్ద రుసుము చెల్లింతురు. ఏడాదికొకమారు వచ్చు యాత్రికుడు దానిని లెక్కగొనడు. అదే రుసుము దినదినమును చెల్లింపవలసివచ్చిన నెట్లుండును? ఆ సంగతి తెలియుటకు గోదావరి చూడవలెను.

అచట ఒక ఒడ్డున రాజమహేంద్రవరము, ఎదుటి ఒడ్డున కొవ్వూరు. 1900లో తెరచిన హేవలాకు వంతెన రైలును దాటించినదే గాని బండ్లను దాటింపలేదు. పడవలకును లాంచీలకును కేవు చెల్లించి జనులు దాటుచుండిరి. 1974లో రైలును రోడ్డును మోయు వంతెన వచ్చినది. 2015లో, పుష్కరముల యేట, నాలుగు కిలోమీటర్లకు మించిన మరియొక వంతెన తెరువబడినది. ప్రజలు దీనిని గామన్ వంతెన యందురు. కట్టిన సంస్థ కొంత గడువువరకు వాహనములపై టోలు వసూలు చేసికొని, పిమ్మట ప్రభుత్వమునకు అప్పగించు ఒప్పందముపై ఇది నిర్మింపబడినది.

కేవు పడవవాని శ్రమకు కూలి. టోలు వంతెనకై చేసిన అప్పునకు వాయిదా. శ్రమకు అంతము లేదు. అప్పునకు తీరు దినము కలదు. మరియు, దూరమునుండి వచ్చు లారీ ఒక్కమారు దాటి, చుట్టుదారి తప్పించుకొని, చమురు మిగుల్చుకొనును. ప్రతిదినమును ఆవలి యొడ్డునకు పోయి వచ్చు చిరువర్తకునకు ఆ మిగులు స్వల్పము, వ్యయము నిత్యము. ఒకే రేటు ఇరువురకును ఒకే బరువు కాదు.

జాతీయ రహదారులకై 2008లో చేసిన రుసుముల నియమములు ఈ భేదమును గుర్తించినవి. ద్విచక్రవాహనములకు రుసుము లేదు. టోలుగేటునకు 20 కిలోమీటర్ల లోపల నివసించి, సొంత వాహనమును వ్యాపారమునకు గాక వాడుకొనువారికి నెలవారీ పాసు కలదు. ఏ రోడ్డుపై నున్న వంతెనకైనను ఈ న్యాయమే తగును.

అట్లని సుంకమే వలదనుట ఏరు దాటి తెప్ప తగులబెట్టుట వంటిది. మేము కోరునది వేరు. టోలుగేటు వద్ద రేట్ల పలక ప్రక్కనే, వంతెనకైన వ్యయమెంత, ఇంతవరకు వసూలైనదెంత, గడువెన్నడు అను మూడు సంగతులను వ్రాసియుంచవలెను. అప్పుడు దాటువాడు తానిచ్చునది ఎందులకో యెరిగి యిచ్చును. ఎంత తీరినదో, ఎంత మిగిలినదో తెలియని అప్పు గృహస్థునకు గాని రాజ్యమునకు గాని క్షేమకరము కాదు.