శిలాఫలకం మీది పేరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2001 నాటి సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు చేరితే చాలు, సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. పెట్టుకోవడం అంత తేలిక గనుక, పడనివాళ్లు విడిపోయి ఇంకొకటి పెట్టుకోవడమూ తేలికే. సంఘాలు డబ్బు దగ్గర చీలతాయంటారు. నేను చూసినంతలో పేరు దగ్గరే ఎక్కువగా చీలతాయి.

అందులో నా తప్పూ ఉంది. కొన్నేళ్ల కిందట మా కాలనీ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. చందాలు వేసుకుని బోరు వేయించాం, మోటారు బిగించాం. శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలని అధ్యక్షుడికీ నాకూ పట్టింపు వచ్చింది. నడివేసవిలో మూడు వారాలు ప్రారంభోత్సవం ఆగింది. మోటారు సిద్ధంగా ఉండగానే జనం ట్యాంకరు నీళ్లు కొనుక్కున్నారు. ఆ తర్వాత రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి వాల్వు తిప్పింది ఒక రిటైర్డ్ లైన్‌మన్ గారు. ఆయన పేరు ఆ రాయి మీద లేదు. ఆయన అడగలేదు, మాకు తట్టలేదు.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక తిరిగినవాడు పాతికేళ్లు నిండని అయ్యంకి వెంకటరమణయ్య. అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని. అయినా గ్రంథాలయోద్యమ పితామహుడని మనం ఇవాళ తలుచుకునేది అయ్యంకి గారినే.

పేరు మీద ఆశ తప్పనను. శాలువా కప్పితే నాకూ సంతోషమే. జీతం లేని పనికి అదే కూలి. కానీ కూలి పని అయ్యాక అందాలి.

ఈసారి అధ్యక్షుడిగా ఉండమని మిత్రులు అడిగారు. ఆ కుర్చీ మీద మోజు నాకింకా పోలేదు. అందుకే వద్దన్నాను. బదులుగా మూడు మనవులు. ఏ పదవైనా రెండేళ్లే, వరుసగా రెండోసారి వద్దు. ఏటా జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి, బడి నోటీసు బోర్డులో అంటించాలి. మనం కట్టించబోయే సైన్సు ల్యాబు గోడ మీద బడి పేరొక్కటే ఉండాలి.

ప్రారంభోత్సవం తర్వాత నెలనెలా ఆ ల్యాబు తలుపు తీసి, పరికరాలు పనిచేస్తున్నాయో లేదో చూసేదెవరో ఇవాళే తేల్చుకుందాం. మొదటి ఏడాదికి నా పేరు రాసుకోండి.

సెలవు.