పాత కారుకు పాత సీటు: కొనేముందు చూడవలసినవి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు మాట్లాడుకునే సభలో కారు సీటు గురించి ఉపన్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని మనలో కారున్న వాళ్ళలో చాలామందిది రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్న మారుతీయో, శాంత్రోయో. ఇంజను ఇంకా బాగానే ఉంటుంది. ముందుగా కుంగిపోయేది డ్రైవరు సీటు. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి సంగతి ఈ హాలులో ఎవరికీ చెప్పనక్కరలేదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడు మే నెలలో ఆగిపోయాయి. ఇలాంటి బండ్లకు కొత్త సీటు దొరకడం కష్టం కనుక పాత సీటు కోసం ఆటోనగర్ వెళ్ళక తప్పడం లేదు. బస్సు డిపోలో బాడీ సెక్షనులో పనిచేసినవాణ్ణి కాబట్టి కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నారు.

అసలు సీటు మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. స్పాంజి కుంగి, రెగ్జిను చిరిగినంత మాత్రాన సీటు పోయినట్టు కాదు. కుషన్ పనివాడు కొత్త స్పాంజి వేసి, తెగిన స్ప్రింగు మార్చి కుట్టేస్తాడు. మన సీటు ఎండలో ఎండిందో, వానలో తడిసిందో మనకు తెలుసు. బజారు సీటు చరిత్ర మనకు తెలియదు. ఇనప చట్రం విరిగినా, వీపు భాగం లివరు పట్టు నిలవక వెనక్కి జారుతున్నా, ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలు లాకు కాకపోయినా అప్పుడు మార్చవలసిందే. నడుస్తున్న బండిలో డ్రైవరు సీటు ఒక్కసారి వెనక్కి జారితే కాలు బ్రేకుకు అందదు.

కొట్టు దగ్గర బండి పేరు మాత్రమే చెప్పకండి, తయారైన సంవత్సరం కూడా చెప్పండి. 1998లో వచ్చిన శాంత్రో, 2018లో వచ్చిన శాంత్రో పేరుకే ఒకటి. వ్యాగన్‌ఆర్ కూడా 2010లో ఒకసారి, 2019లో ఒకసారి పూర్తిగా మారింది. పాత సీటు బోల్టుల మధ్య దూరం అటూ ఇటూ టేపుతో కొలిచి కాగితం మీద రాసుకు వెళ్ళండి. "కొంచెం తేడా సార్, కొత్త కన్నాలు వేసి బిగించేస్తాం" అంటే ఆ సీటు వద్దని లేచి రండి. పాత బండి అడుగు రేకు మీద ఎక్కడ పడితే అక్కడ వేసిన కన్నానికి బలం ఉండదు. బోల్టులు కూడా మన పాతవే వాడాలి, లేదా అదే సైజులో, తల మీద 8.8 లేక అంతకంటే ఎక్కువ అంకె ఉన్నవి తీసుకోవాలి. మామూలు ఇనప సామాన్ల కొట్టు బోల్టు దెబ్బకు తెగుతుంది.

అక్కడ కొత్త కవరు తొడిగి నిగనిగలాడే సీట్లు వరుసగా పెట్టి ఉంటాయి. కవరు చూసి మోసపోవద్దు, సీటును తలకిందులు చేయించండి. అతుకుల దగ్గర కొత్త వెల్డింగు, దాని మీద తాజా నల్లరంగు కనిపిస్తే అది ఎక్కడో విరిగిన సీటే. చదునైన నేల మీద నిలబెడితే నాలుగు కాళ్ళూ ఆనాలి. ఒక కాలు లేస్తే ప్రమాదంలో వంగిందని అనుమానించాలి. పట్టాలు చివరిదాకా జరిపి, ప్రతి మెట్టు దగ్గరా రెండు పక్కలా లాకు పడుతోందో లేదో చూడండి. కూర్చుని వీపుతో గట్టిగా వెనక్కి నెట్టండి. టక్కుమని శబ్దం వచ్చినా, కదిలినా వదిలేయండి.

నీళ్ళలో మునిగిన బండ్ల సీట్లతో ప్రత్యేకంగా జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనం చూశాం. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ అంతే. అలాంటి సీట్లు కడిగి ఆరబెట్టినా కవరు అంచు ఎత్తితే స్పాంజి లోపల ఒండ్రు మట్టి, స్ప్రింగుల మీద తుప్పు, ముక్క వాసన బయటపడతాయి.

కాస్త కొత్త మోడళ్ళలో కొన్నిటికి సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉంటుంది. పక్కన ఆ మాట రాసిన చిన్న గుడ్డముక్క, అడుగున పసుపు రంగు వైరు కనెక్టరు ఉంటే దాన్ని ఇంటి దగ్గర విప్పే ప్రయత్నం చేయవద్దు. షోరూము వర్క్‌షాపుకే వదిలేయండి. ఎయిర్‌బ్యాగు లేని మన బండికి ఆ సీటు అక్కరలేదు. కొన్ని కార్లలో బెల్టు గుచ్చే బకిల్ సీటుకే బిగించి ఉంటుంది. అది కూడా సరిగ్గా పట్టి విడుస్తోందా చూడాలి. హెడ్‌రెస్టు లేని సీటు ఎంత చవకైనా వద్దు. దాని పైఅంచు మన తల పైభాగం దాకా రావాలి. వెనకనుంచి ఏ బండో గుద్దితే మెడను కాపాడేది అదే.

మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. సీటు కుంగిందని దాని మీద దిండు వేసుకుని కూర్చుంటాం. దిండు జారుతుంది, బెల్టు తుంటి ఎముకల మీద ఉండక పొట్ట మీదికి ఎక్కుతుంది. ఢీకొన్నప్పుడు ఆ బెల్టే లోపలి అవయవాలను నొక్కుతుంది. ఎత్తు కావాలంటే కుషన్ పనివాడి చేత సీటు లోపలే గట్టి స్పాంజి వేయించండి. మా ఇంట్లో మా ఆవిడ మోకాళ్ళ కోసం అలాగే చేయించాను.

బిల్లు తప్పకుండా అడగండి. ఏ బండి నుంచి తీశారో దాని నంబరు బిల్లు మీద రాయించండి. రాయనంటే సరుకు మీద అనుమానం పెట్టుకోవలసిందే. దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కొన్నవాణ్ణి కూడా పట్టుకుంటుంది. ఈ వయసులో స్టేషను చుట్టూ తిరిగే ఓపిక మనకెక్కడిది? బిగించాక ఒక వారం తరువాత బోల్టులు మళ్ళీ ఒకసారి బిగింపు చూపించుకోండి.

సీటు ఎవరి కోసమో వాళ్ళను కూడా కొట్టుకు తీసుకువెళ్ళండి. పది నిమిషాలు కూర్చోనిచ్చి, రెండుసార్లు లేచి చూడమనండి. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక సందేహాలుంటే అడగండి.