నది నడుమ నేల: భవానీ ద్వీపమును గూర్చి రైతులతో కొన్ని మాటలు

(పెద్ద అంబర్‌పేట్ పరిసర గ్రామముల రైతులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



ఈ పెద్ద అంబర్‌పేట్ మీదుగా తూర్పునకు పోవు జాతీయ రహదారి విజయవాడ చేరునని మీకందరకు తెలియును. మనకు ఉత్తరముగా పారుచున్న మూసీ కూడ తుదకు అక్కడికే పోవుచున్నది. అనంతగిరి కొండలలో పుట్టిన ఈ యేరు నల్లగొండ జిల్లాలోని వాడపల్లివద్ద కృష్ణలో కలియును. అటుపిమ్మట పులిచింతల జలాశయము దాటి, విజయవాడవద్ద ప్రకాశం బ్యారేజి చేరును. ఆ బ్యారేజికి కొంచెము ఎగువను, నది నడుమ, 133 ఎకరముల నేల యొకటి కలదు. దానినే భవానీ ద్వీపము అందురు. పట్నవాసులకు అది పడవ షికారు, తోట, ఆటస్థలము. రైతు కంటితో చూచినచో అది యొక లంక. నేను మాటలాడదలచినది ఆ లంకను గూర్చియే.

అక్కడనే నేల యేల నిలిచినది? విజయవాడవద్ద ఒక ప్రక్క ఇంద్రకీలాద్రి, ఒక ప్రక్క సీతానగరం కొండ నిలిచి కృష్ణను ఇరుకున పెట్టుచున్నవి. ఆ యిరుకులోనే 1855లో పాత ఆనకట్ట ముగిసినది. అది 1952లో తెగగా, 1957లో ఇప్పటి బ్యారేజి వచ్చినది. దాని పొడవు సుమారు 4,000 అడుగులు. ఇరుకునకు ఎగువను నది వెడల్పుగా పరచుకొని వడి తగ్గును. వడి తగ్గిన నీరు మోసుకొనివచ్చిన బరువును దించివేయును. మీ పొలము కాలువలో ఒక తుమ్మకొమ్మ అడ్డుపడినచో దాని వెనుక ఏమగునో చూచియే యుందురు. ముందు ఇసుక, తరువాత ఒండు, పిదప తుంగ. నదిలోను అంతే. ఇసుకతిన్నె తేలును, దానిపై రెల్లు మొలచును, రెల్లు దుబ్బులు మరుసటి వరదలోని ఒండును పట్టి నిలుపును. ఇట్లు ఏండ్ల తరబడి పొరమీద పొర పడి లంక యగును.

అందుచేత లంకభూమి అంతయు ఒక్కతీరుగా ఉండదు. సాధారణముగా నీరు మొదట తాకు ఎగువ కొనలో ముతక ఇసుక, దిగువ కొనలో మెత్తని ఒండు ఉండును. అంచులు కొంచెము మెరకగాను, నడుమ పల్లముగాను ఉండుట కూడ కద్దు. కృష్ణా లంకలలో అరటి, పసుపు, కంద పండించుచున్నారు. గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరుపడినది. ఒట్టి ఇసుకమీద వరదకాలము గడచిన పిమ్మట పుచ్చ, దోస పెట్టి ఎండలు ముదిరిన దినములలో కోయుదురు. వీనిలో పుచ్చ వేసినవాడు తెలివిగలవాడని నా అభిప్రాయము. వాని పంట వరద నెలలలో నేలపై ఉండదు. అరటి వేసినవాడు ఏటేటా నదితో పందెము కట్టుచున్నాడు. గెలిచిన యేడు వాని లాభము మనము వినుచునే యుందుము, ఓడిన యేడు ఎవరును చెప్పరు.

ఆ పందెము ఎట్టిదో అంకెలలో చూడుడు. 2009 అక్టోబరు వరదలో ప్రకాశం బ్యారేజివద్ద సెకనుకు సుమారు 11 లక్షల ఘనపుటడుగుల నీరు పోయినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో అది 11 లక్షల 43 వేలకు చేరినది. భవానీ ద్వీపము మునిగిపోయి చాల నష్టపడినది. 133 ఎకరములపై ఒక్క అడుగు లోతున నీరు నిలువవలెనన్నచో సుమారు 58 లక్షల ఘనపుటడుగుల నీరు కావలెను. ఆనాటి ప్రవాహములో అంత నీరు బ్యారేజి దాటుటకు పట్టినది అయిదు సెకనులు మాత్రమే! ఇట్టి ప్రవాహమునకు మన గట్లు, కంచెలు ఏపాటి?

ముంపు పోవునపుడు ఒండు వచ్చునుగదా యని మీరు అడుగవచ్చును. వచ్చును. ఎకరముపై ఒక అంగుళము మందమున ఒండు పడినచో అది 3,630 ఘనపుటడుగులు. బండికి 30 అడుగుల చొప్పున లెక్కించినను 121 బండ్ల మట్టి. మన పెద్దలు లంకభూమికి ఎరువు అక్కరలేదనుట ఇందువలననే. కాని ఆ మాట నేడు పూర్తిగా చెల్లదు. నాగార్జునసాగరు, శ్రీశైలము, పులిచింతల జలాశయములు వచ్చిన పిదప కృష్ణ తెచ్చు ఒండులో పెద్దభాగము వాని అడుగుననే నిలిచిపోవుచున్నది. వరద మాత్రము పెద్దదైనపుడు వచ్చుచునే యున్నది. అనగా నది తీసికొనిపోవుట మానలేదు, తెచ్చి యిచ్చుట తగ్గించినది. ఈ స్థితిలో అంచునందలి రెల్లును నరికి రెండు సాళ్లు ఎక్కువ వేసికొనువాడు తన నేలను తానే వదలుకొనుచున్నాడు. ఎరువు విషయములో కూడ లంక రైతు ఇప్పుడు మెట్ట రైతువలెనే పశువుల ఎరువు, పచ్చిరొట్ట వాడక తప్పదు.

వరద తీసిన వెంటనే దుక్కికి దిగరాదు. మొదట నీరు పోవుటకు బోదెలు తీయవలెను. పసుపు దుంప నీటిలో నానినచో కుళ్లును, అరటి వేరు ఊపిరాడక చచ్చును. నేల ఆరుచుండగా చేనిలో నాలుగైదు చోట్ల మోకాటిలోతు గుంట త్రవ్వి చూడుడు. పైన పడినది జిగటమట్టియైనచో పాత నేలతో కలియదున్నవచ్చును. పలుచని ఇసుక పొరయైనను అంతే. అడుగు మందమున ఇసుక మేట వేసినచో దానిని తోలించుట యొకటి, ఆ యేటికి పుచ్చ, దోసలతో సరిపెట్టుకొనుట యొకటి. ఏది చేసినను మట్టి పరీక్ష చేయించి ఎరువు వేయవలెను.

ఇక మన మూసీ సంగతి. కృష్ణ ఒండును గూర్చి చెప్పినదంతయు దీనికి పట్టించుకొనరాదు. హైదరాబాదు నగరపు మురుగు, పరిశ్రమల వ్యర్థములు కలిసిన నీరు ఇది. దీని ఒండులో సత్తువతోపాటు హానిచేయు లోహములును ఉండవచ్చును. ఈ నీటి క్రింద పారాగడ్డి ఏపుగా పెరుగుట మీరు చూచుచునే యున్నారు. అంతమాత్రమున అక్కడి ఆకుకూర తినదగినదని అనుకొనరాదు. నీటిని, మట్టిని పరీక్షింపక పాలకూర, తోటకూర పెట్టవద్దు.

తన పొలము ప్రక్కన మూసీలో ఇసుకతిన్నె యొకటి లేచినదనియు, దానిని చదును చేసి కలుపుకొనవచ్చునా యనియు ఒక రైతు అడిగినాడు. వద్దని చెప్పినాను. తిన్నె ఒక ఒడ్డున పెరిగినచో నీరు ఎదుటి ఒడ్డును కోయును. ఆ ఒడ్డున మరియొకరి పొలమున్నది. 1908 సెప్టెంబరు 28న ఈ మూసీయే హైదరాబాదును ముంచినది. ఆ వరద పిమ్మటనే ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడినవి. వాని తలుపులు ఎత్తిన దినమున ఆ నీరు పోవలసిన దారి ఈ తిన్నెమీదుగానే. రెల్లును ఉండనిచ్చి, కావలెనన్నచో వాన వెనుకబడిన పిదప పశువుల మేతకు గడ్డి కోసికొమ్మని చెప్పి పంపినాను.