కాస్త ఆగుదాం



మాట్లాడమని పది నిమిషాలు ఇచ్చారు. విషయం కూడా పెద్దలే చెప్పారు: తీరికలేని బతుకులో నిదానం. బడిగంటల మధ్య పరుగులు తీసే మాలాంటి ఉపాధ్యాయులకు ఇంతకంటే ఇబ్బందిపెట్టే విషయం ఉండదు. అందుకే మా తప్పుతోనే మొదలుపెడతాం.

పోయినేడు పుస్తకాల సంచులు పంచినప్పుడు పేర్లు పిలిచే పని మాది. వందకు పైగా పిల్లలు. అసర్ అయ్యాక మొదలుపెట్టాం, మగ్రిబ్ లోపల ముగించాలి. పేరు పిలవడం, సంచి ఇవ్వడం, ఫొటో, తర్వాతి పేరు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సంచి అందుకొని కదలకుండా నిలబడింది. ఏదో చెప్పబోయింది. దిగమ్మా, దిగు అని మెట్లవైపు చెయ్యి చూపించాం. దిగిపోయింది.

నాలుగు నెలల తర్వాత లెక్కల క్లాసులో ఆ అమ్మాయి బోర్డు మీద ఉన్న 8ని 3గా రాసుకుంది. ముందు కసిరాం. తర్వాత దగ్గరకు పిలిచి అడిగితే అప్పుడు చెప్పింది: "పాత సంచి బాగానే ఉంది టీచర్, దాని బదులు కళ్లజోడు ఇప్పిస్తారేమోనని ఆ రోజే అడుగుదామనుకున్నా." సంఘం పెద్దలకు కబురు చేస్తే ఆ వారంలోనే కళ్లజోడు వచ్చింది. అందుకు వారికి అల్లాహ్ మేలు చేయుగాక. అయితే ఆ నాలుగు నెలల పాఠాలు ఆ బిడ్డకు మసకగానే పోయాయి. మేము మిగుల్చుకున్నది అర నిమిషం.

బి.ఎడ్.లో మేము చదువుకున్న సంగతే ఇది. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్ని పరిశీలించారు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు. పరీక్షలో దీని గురించి చక్కగా రాశాం, మార్కులూ తెచ్చుకున్నాం. ఆచరణ మాత్రం వేదిక మెట్ల దగ్గర ఆగిపోయింది.

నిజానికి ఈ పాఠం మనకు బి.ఎడ్. కంటే ముందే అందింది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు మీకు తెలిసిందే. ఒకాయన మస్జిదులోకి వచ్చి గబగబా నమాజు ముగించి దైవప్రవక్త (స) వారికి సలాం చేశారు. ప్రవక్త (స) సలాంకు బదులిచ్చి, నీ నమాజు కాలేదు, వెళ్లి మళ్లీ చెయ్యమన్నారు. మూడుసార్లు అలాగే జరిగింది. ఆ తర్వాత ఆయన నేర్పమని వేడుకుంటే, రుకూలో కుదుటపడేదాకా, సజ్దాలో కుదుటపడేదాకా ఆగాలని నేర్పారు. ఉపాధ్యాయులుగా మేము ఈ హదీసులో ఇంకొకటి చూస్తాం. ఆయన మూడుసార్లూ నమాజు చేసేదాకా ప్రవక్త (స) ఓపికపట్టారు. మేమైతే మొదటిసారికే కసిరి పంపేసేవాళ్లం.

మనకు నిదానం చేతకాదని కాదు. రంజాన్ మాసంలో ఇఫ్తారుకు ముందు ఆ రెండు నిమిషాలు గుర్తుచేసుకోండి. దస్తర్‌ఖాన్ చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ఎదురుగా తిండి ఉంటుంది, చేతిలో ఖర్జూరం ఉంటుంది, అందరి చెవులూ అజాన్ మీదే ఉంటాయి. చిన్నవాడు తన మొదటి రోజా గురించి మురిసిపోతూ చెబితే అందరూ వింటారు. ఆ తర్వాత తాగే మంచినీళ్ల రుచి మరే నెలలోనూ తెలియదు. నీళ్లు అవే. షవ్వాల్ రాగానే ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో ఫోను.

ఖుర్ఆన్‌లో 102వ సూరా, అత్-తకాసుర్, ఎనిమిదే ఆయతులు. ఇంకా ఇంకా కావాలనే పోటీ మనల్ని ఏమరుపాటులో పడేసిందని మొదలై, అనుభవించిన వరాలను గురించి ఆ రోజు తప్పక అడగబడతారన్న హెచ్చరికతో ముగుస్తుంది. చల్లటి నీళ్లు ఒక వరమే. బడి నుంచి వచ్చి చెప్పడానికి ఏదో తెచ్చుకున్న బిడ్డ కూడా.

దాతలకు మా విన్నపం ఒకటే. ఈసారి పంపిణీనాడు వేదిక కింద నాలుగు కుర్చీలు వేయించండి. సంచి అందుకున్న బిడ్డను, వెంట వచ్చిన అమ్మీనో నానీనో అక్కడ కూర్చోబెట్టి, మీలో ఒకరు "ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అని అడగండి. అడిగాక వెంటనే జాబితా వైపు చూడకండి. సభ గంట ఆలస్యం కావచ్చు. అవసరమైతే రెండు రోజులు పెట్టుకుందాం. పేర్లు పిలవడానికి మేము రెండు రోజులూ వస్తాం.

మగ్రిబ్ వేళ దగ్గరపడింది. వుజూ చేసుకోవలసినవాళ్లు నిదానంగానే వెళ్లండి, ఇంకా సమయం ఉంది.