అధ్యాపక నియామకాలు – మన కళాశాలల ప్రమాణాలు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, హెల్తు కార్డుల గొడవ మధ్య ఈ విషయమెందుకని కొందరు అనుకోవచ్చు. మన మనుమలు, మనుమరాండ్రు చదివేది ఈ కళాశాలల్లోనే కదా! పైగా 1972 నుండి 2008 వరకు నా సర్వీసులో ఎక్కువ భాగం కళాశాల ఎస్టాబ్లిష్మెంటు సెక్షనులోనే గడిచింది. నాకు పాఠం చెప్పడం తెలియదు గాని, పాఠం చెప్పేవారిని ఎలా తీసుకుంటారో ఫైళ్ళలో చూశాను.

నిబంధనలకు మనకు కొదవ లేదు. యు.జి.సి. 1956లో చట్టబద్ధ సంస్థ అయింది. నెట్ పరీక్ష 1989 నుండి ఉంది. యూనివర్సిటీల్లో అసిస్టెంటు ప్రొఫెసరుకు 2021 జూలై నుండి పిహెచ్.డి. తప్పనిసరి అని 2018లో అన్నారు. కోవిడ్ వచ్చింది, 2023కు వాయిదా వేశారు. తీరా 2023 జూలై వచ్చేసరికి నెట్, సెట్, స్లెట్ ఏది ఉన్నా చాలునన్నారు. ఈ మధ్యలో అప్పుచేసి పిహెచ్.డి.లో చేరిన పిల్లల సంగతి ఎవరికి పట్టింది?

ఎంపిక సంఘం విషయం కాస్త వివరంగా చెప్పాలి. 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీ ఎంపికకు ముగ్గురు విషయ నిపుణులుండాలి. కోరం నలుగురు, వారిలో ఇద్దరు బయటి నిపుణులు కావాలి. ఇది మంచి ఏర్పాటే. కాని అసిస్టెంటు ప్రొఫెసరు పదవికి అభ్యర్థి డిగ్రీలకు, ప్రచురణలకు వేసే మార్కులు ఇంటర్వ్యూకు పిలవడం వరకే పనికివస్తాయి. ఆపైన ఎంపిక అంతా ఇంటర్వ్యూ మీదనే. పావుగంట మాటలతో ముప్పై ఏళ్ళ ఉద్యోగం తేలిపోతుంది! అభ్యర్థి చేత తరగతి గదిలో పాఠం చెప్పించి చూడవచ్చునని 2010 నిబంధనల్లోనే ఉంది. "వచ్చును" అని రాసిన చోట పని ఎంతవరకు జరుగుతుందో ఇక్కడున్న గుమాస్తా మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. దాన్ని "వలెను" అని మార్చి, పిల్లల ఎదుట పాఠం చెప్పించి, వేసిన మార్కులు ఫైలులో పెట్టాలని నా అభిప్రాయం.

1931 నుండి 1936 వరకు రాధాకృష్ణన్ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి గారు, భౌతికశాస్త్రంలో ఎస్. భగవంతం గారు వాల్తేరులో పనిచేసిన రోజులవి. ఆనాడు నాక్ లేదు.

నాక్ 1994లో వచ్చింది. కేంద్ర కార్యాలయం బెంగుళూరు. వారి ఏడు ప్రమాణాల్లో రెండవది బోధనకు సంబంధించినది, అందులో అధ్యాపకుల అర్హతలు కూడా చూస్తారు. నేను పనిచేసిన ఒకచోట తనిఖీ బృందం వస్తోందంటే నెలరోజులు గోడలకు సున్నాలు, అద్దెకు పూలకుండీలు! ఖాళీ పోస్టులు మాత్రం ఖాళీగానే ఉండేవి. 2025 ఫిబ్రవరిలో లంచం కేసులో నాక్ తనిఖీ బృందం సభ్యులనే సి.బి.ఐ. అరెస్టు చేసిందని చదివి నాకు రెండు రోజులు మనసు బాగాలేదు.

కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతానికి మించరాదని ఆ 2018 నిబంధనలే చెప్పాయి. మీ ఊరి కళాశాలలో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఒక కాంట్రాక్టు లెక్చరరు గారి రెన్యువల్ ఫైలు ఏటా నేనే పెట్టేవాడిని. ఆయన పాఠానికి పక్క గ్రూపు పిల్లలు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చునేవారు. వేసవి రెండు నెలలు జీతం లేదు. సర్వీసు రిజిస్టరు లేదు, ఇంక్రిమెంటు లేదు. చివరకు పెళ్ళీడుకొచ్చిన కూతురిని తలచుకుని కోచింగ్ సెంటరుకు వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో గంటల లెక్కన ఒక గెస్టు లెక్చరరును పెట్టారు. పెన్షను విలువ తెలిసిన మనం ఆయనను తప్పుపట్టగలమా?

మన సంఘానికి నాదొక మనవి. సమాచార హక్కు చట్టం 2005 నుండి ఉంది. మన జిల్లాలోని ప్రతి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో సబ్జెక్టువారీగా మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులరు వారెందరు, కాంట్రాక్టు వారెందరు, గెస్టులెందరు అని అడుగుదాం. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు నమూనా టైపు చేయించి తెచ్చాను, కార్యదర్శి గారి వద్ద ఉంది. భోజనాలకు లేచే ముందు ఒక్కొక్క కళాశాలకు ఒక్కొక్కరు సంతకం చేసి వెళ్ళవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.