కువైట్‌లో తెలుగువారి క్రిస్మస్

కువైట్‌కు కడప, గోదావరి ప్రాంతాల నుంచి పెద్ద సంఖ్యలో వలస వెళ్లిన తెలుగువారిలోని క్రైస్తవులు తమ పండుగను అక్కడి వారపు క్రమానికి అనుగుణంగా మలచుకున్నారు. కువైట్‌లో డిసెంబరు 25 ప్రభుత్వ సెలవు కాదు. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు కావడంతో ఆదివారపు ఆరాధన అధికంగా శుక్రవారానికి మారింది.

అమెరికా మిషనరీలు నెలకొల్పిన వైద్యాలయం పక్కన 1931లో వెలసిన నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో నేడు అనేక భాషల సంఘాలు వంతులవారీగా సమావేశమవుతాయి. తెలుగునాట పండుగకు ముందే పాటలతో, సందేశాలతో, విందుతో జరుపుకొనే వేడుకను సెమీ క్రిస్మస్ అంటారు. సెలవు దొరికిన రోజున జరుపుకొనే వీలుండటం వల్ల ఈ ఆచారం వలస జీవితానికి చక్కగా ఇమిడింది.

పండుగ తేదీ అన్ని సంఘాలకూ ఒకటి కాదు. ఈజిప్టు మూలాలు గల కాప్టిక్ క్రైస్తవులు తమ ప్రాచీన పంచాంగం ప్రకారం జనవరి 7న క్రిస్మస్ జరుపుకొంటారు; ఆర్మేనియా సంప్రదాయ సంఘం క్రీస్తు జననాన్ని, బాప్తిస్మాన్ని కలిపి జనవరి 6న స్మరిస్తుంది. ఈ సంఘాలవారూ కువైట్‌లో నివసిస్తున్నందున అక్కడ క్రిస్మస్ ఒక్క రోజుతో ముగియదు.