ఇంటిల్లిపాదికిని ఒక బండి



ఎద్దులను కొనువేళ మన పెద్దలెంత పరీక్ష చేసెడివారో మీరెఱుగుదురు. పండ్లు చూచెడివారు, గిట్టలు తట్టెడివారు, సుడులు లెక్కించెడివారు. కాడి గట్టి నాలుగు చాళ్లు దున్నించినగాని బయానా చేతబెట్టెడివారు కారు. అట్టివారి యింటనే నేడు లక్షలు పోసి మోటారు కొనునప్పుడు, కుమారుడొక్కడే నంద్యాలకు బోయి, అంగడిలో మెఱయు రంగు చూచి, పావుగంట తోలి, బేరము ముగించి వచ్చుచున్నాడు. ఆ బండిలో నెక్కవలసిన అవ్వ దానిని మొట్టమొదట చూచునది చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టునాడు!

మన సీమలో బండి విలాసవస్తువు కాదు. ఆళ్లగడ్డకు రైలు లేదు. 2016లో తెఱువబడిన నంద్యాల–ఎఱ్ఱగుంట్ల మార్గము బనగానపల్లె, కోయిలకుంట్లల మీదుగా పోవునుగాని యీ వైపునకు రాదు. కావున వైద్యమునకైనను, వివాహమునకైనను, 2022 ఏప్రిల్ నుండి జిల్లా కేంద్రమైన నంద్యాలలో కచేరీ పనికైనను, 40వ నంబరు జాతీయ రహదారియే మనకు దిక్కు. బస్సులు లేకపోలేదు. అయినను నడిరేయి నొప్పులు వచ్చిన కోడలిని బస్సు వచ్చువఱకు కూర్చుండబెట్టజాలము గదా.

1994లో వచ్చిన టాటా సుమో యీ యక్కఱను చాలకాలము తీర్చినది. సినిమాలవారు దానిని గాలిలోని కెగురవేసి మన సీమకు చెడ్డపేరు తెచ్చిరిగాని, అది మోసినవారిలో పెండ్లివారును, రోగులును ఎందఱో కలరు. సుమంత్ మూల్గావ్కరు అను పెద్దమనిషి పేరులోని మొదటి అక్షరములే ఆ పేరైనవని చాలమందికి తెలియదు. దాని తయారీ 2019లో నిలిచిపోయినది.

ఇప్పుడు ఏడుగురు కూర్చుండదగినవని చెప్పు బండ్లు అనేకము కలవు. ఈ యేడను సంఖ్యను నమ్మి మోసపోవలదు. మూడవ వరుసలో పెద్దవారు కూర్చున్నచో మోకాళ్లు గడ్డము నంటునట్లుండు బండ్లును ఇందున్నవి. పైగా ఆ వరుసలో మనుషులున్నప్పుడు మూటలకు చోటెంత? రెనో ట్రైబరులో 84 లీటర్లు మాత్రమే. అనగా రెండు చేతిసంచులు. మారుతి ఎర్టిగాలో 209 లీటర్లు. ఎర్టిగాను గ్యాసు సిలిండరుతో కొన్నచో ఆ చోటును చాలవఱకు సిలిండరే ఆక్రమించును. ట్రైబరునందు వెనుక కుర్చీలను ఊడదీసి యింటిలో పెట్టుకొనవచ్చుననుట యొక సౌకర్యము. నలుగురే వెళ్లునాడు బియ్యపు బస్తాలకు చోటు దొరకును.

వెలలో పన్ను పాలు పెద్దది. 2025 సెప్టెంబరు 22 నుండి, నాలుగు మీటర్ల పొడవు మించక, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. మించని బండ్లకు 18 శాతము, అంతకు పెద్దవానికి 40 శాతము పన్ను విధించిరి. ఈకో, ట్రైబరు మొదటి తరగతిలోను, ఎర్టిగా రెండవదానిలోను చేరును. అట్లని చిన్న ఇంజనే లాభమని తలంపరాదు. ట్రైబరుది 999 సి.సి. మాత్రమే. రహదారిమీద అది చక్కగనే పోవును. ఏడుగురిని, మూటలను మోయుచు దిగువ అహోబిలమునుండి ఎగువకు సుమారు 8 కిలోమీటర్ల కొండదారి ఎక్కునప్పుడు దాని బలమెంతో తెలిసివచ్చును. పెనుకొండ చెంత 2019 నుండి నడచుచున్న కియా కర్మాగారములో తయారగు కారెన్సు మన రాయలసీమ బండియని కొందఱు ముచ్చటపడుదురు. ముచ్చట మంచిదే, దానికిని ఇదే పరీక్ష పెట్టవలయును.

పరీక్ష యెట్లనగా, కొనదలచిన రకపు బండినే ఒకనాటికి బాడుగకు దెచ్చి, ఇంటిల్లిపాదియు ఎక్కి అహోబిలమునకో మహానందికో పోయి రండు. అవ్వను మూడవ వరుసలో కాక రెండవ వరుసలో కూర్చుండబెట్టి, ఎవరి సాయము లేక ఆమె దిగగలదేమో చూడుడు. మెట్టు ఎత్తైనచో రెండు మోకాళ్లకును అది శిక్ష. వెనుక కూర్చున్న పిల్లలకు చల్లగాలి అందుచున్నదా యని వారినే అడుగుడు. పక్కకు తిరిగియుండు బల్లలున్నచో వానికి బెల్టు లున్నవా యని చూడుడు; లేనియెడల ఆ బల్లమీద పిల్లలను కూర్చుండబెట్టుట నాకు సమ్మతము కాదు. 2023 అక్టోబరునుండి మన దేశములోనే బండ్లను గోడవంటి అడ్డునకు గుద్దించి నక్షత్రముల లెక్కన భద్రతను నిర్ణయించుచున్నారు. ఆ నక్షత్రములను అంగడివాడు తానై చెప్పకున్నను మీరడుగవలయును.

నా యభిప్రాయము ఒకటి కలదు; కొందఱికి రుచింపకపోవచ్చును. ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే యేడుగురు కలిసి పోవు యింటికి ఏడు కుర్చీల బండి యక్కఱలేదు. ఐదుగురి బండి కొని, ఆ నాలుగు ప్రయాణములకును బాడుగ బండి పిలుచుకొనుటయే చవుక. ఉమ్మడి కుటుంబము నిత్యము తిరుగుచున్నప్పుడు సంగతి వేఱు.

ఈ మాట ఊరక చెప్పుట లేదు. ఆళ్లగడ్డ తాలూకాలో నేనెఱిగిన యొక రైతు అప్పుచేసి పెద్ద బండి కొనెను. వాయిదాలు బరువై, అతని కుమారుడు తెల్లపలక బండిలోనే అహోబిలపు యాత్రికులను బాడుగకు ఎక్కించుకొన మొదలిడెను. కుర్చీలు ఏడు, మనుషులు పదిమంది. చట్టప్రకారము అదనపు మనిషి యొక్కొక్కనికి 200 రూపాయల జరిమానా. అది కట్టినను ఆ మనుషులు దిగినగాని బండి కదలరాదు. పట్టుపడినాడు కాడు, అదియే దురదృష్టము. ఒకనాటి సాయంకాలము బండి బోల్తాపడి ముగ్గురికి ఎముకలు విఱిగెను. సొంత వాడుకకు వ్రాయించిన బీమాతో బాడుగకు త్రిప్పిరని, బండి నష్టమునకు బీమావారు పైకము నిరాకరించిరి. బాడుగకు త్రిప్పువానికి పసుపుపలకయు, పర్మిటును, తగిన బీమాయు కావలయునని ఆ యింటిలో ఎవరికిని తెలియకపోలేదు. వాయిదా తేదీ దగ్గఱపడుచుండెను, అంతే. ఇప్పుడా బండి దొడ్డిలో నున్నది. కోళ్లు అందులో గ్రుడ్లు పెట్టుచున్నవి. వాయిదాలు మాత్రము ఇంకను రెండేండ్లు కట్టవలసియున్నది.